హైట్‌మ్యాప్ భూభాగంపై రే ట్రేసింగ్: సమస్య - పరిష్కారం

హైట్‌మ్యాప్ అంటే గ్రిడ్ బిందువుల వద్ద నేల ఎత్తులను దాచిన పట్టిక; రే ట్రేసింగ్ అంటే కెమెరా నుంచి ప్రతి పిక్సెల్ గుండా ఒక కిరణాన్ని పంపి, అది నేలను తాకే చోటును వెతకడం.

సమస్య: దూరపు సన్నని కొండకొనలు మాయమవుతూ, కెమెరా కాస్త జరగగానే మళ్లీ కనిపిస్తున్నాయి.

కిరణాన్ని స్థిరమైన అంగలతో నడిపించడమే ఇందుకు కారణం. అంగ 8 మీటర్లు, శిఖరం మందం 5 మీటర్లు అయితే, ఒక అంగ శిఖరానికి ముందూ మరొకటి వెనుకా పడి, కిరణం దాన్ని చూడకుండానే దాటిపోవచ్చు. అంగను తగ్గిస్తే లోపం తగ్గుతుందే తప్ప పోదు. దానికి బదులు గ్రిడ్ గడులను ఒక్కటీ విడిచిపెట్టకుండా వరుసగా దాటించే పద్ధతిని వాడాలి. 1987లో అమనటైడీస్, వూ ప్రచురించిన అల్గారిథమ్ ఇందుకు చక్కగా సరిపోతుంది. గడిలోని ఉపరితలాన్ని బైలీనియర్‌గా (నాలుగు మూలల ఎత్తులను నునుపుగా కలిపేదిగా) తీసుకుంటే, కిరణం దాన్ని తాకే చోటు ఒక వర్గసమీకరణంతో తేలిపోతుంది.

సమస్య: చిత్రం సరిగానే వస్తోంది కానీ, క్షితిజం దగ్గరి పిక్సెళ్లు విపరీతంగా ఆలస్యమవుతున్నాయి.

నేలకు దాదాపు సమాంతరంగా సాగే కిరణం 4096×4096 మ్యాప్‌లో కొన్ని వేల గడులను దాటవలసి వస్తుంది, వాటిలో అత్యధికం దానికి ఎంతో దిగువనే ఉంటాయి. గరిష్ఠ ఎత్తుల పిరమిడ్‌ను, అంటే గడులను నాలుగేసి చొప్పున బ్లాకులుగా కలుపుతూ ఒక్కో బ్లాకులోని గరిష్ఠ ఎత్తును దాచే అంతస్తుల పట్టికను, ముందే కట్టుకుంటే ఈ వృథా పోతుంది. ఒక బ్లాకులో కిరణం ప్రవేశించే, నిష్క్రమించే ఎత్తులలో తక్కువది ఆ బ్లాకు గరిష్ఠం కన్నా పైన ఉంటే బ్లాకు మొత్తాన్నీ దాటించి పై స్థాయికి వెళ్లాలి; లేకుంటే కింది స్థాయికి దిగాలి. అదనపు మెమరీ మూల మ్యాప్‌లో సుమారు మూడో వంతే. అదే భూభాగాన్ని దాదాపు 3.35 కోట్ల త్రిభుజాలుగా మార్చి బీవీహెచ్ (త్రిభుజాలను ఒకదానిలో ఒకటి ఇమిడే పెట్టెలుగా అమర్చే చెట్టు) కట్టడం, నా దృష్టిలో, హైట్‌మ్యాప్ ఇచ్చే సౌలభ్యాన్ని చేజేతులా వదులుకోవడమే.

సమస్య: పిరమిడ్ పెట్టాక బ్లాకుల అంచుల వెంట రంధ్రాలు పడ్డాయి.

ముందుగా అనుమానించవలసినది పిరమిడ్ అడుగు స్థాయినే. సాధారణ మిప్‌మ్యాప్‌లా (చిత్రాన్ని అంచెలంచెలుగా సగానికి కుదించే పద్ధతిలా) ఎత్తు నమూనాలను నాలుగేసి చొప్పున కలిపితే, గడి కుడి అంచున, పై అంచున ఉన్న మూలల ఎత్తులు పక్క బ్లాకు లెక్కలోకి పోతాయి. అడుగు స్థాయిలో ప్రతి గడికీ దాని నాలుగు మూలల గరిష్ఠాన్నే ఉంచి, పై స్థాయిలను వాటి నుంచి నిర్మించాలి. గడిని బైలీనియర్‌గా తీసుకున్నా, రెండు త్రిభుజాలుగా చీల్చినా ఉపరితలం ఆ మూలలను మించదు గనుక ఈ హద్దు రెండింటికీ చెల్లుతుంది.

సమస్య: ఎండ పడే వాలులపై నల్లటి చుక్కలు.

నీడ కిరణం (ఆ చోటు నీడలో ఉందో లేదో చూడటానికి నేల నుంచి సూర్యుని వైపు పంపేది) తాను బయలుదేరిన గడినే తిరిగి తాకుతోంది. మూలబిందువు నుంచి లక్ష మీటర్ల దూరంలో 32 బిట్ల ఫ్లోట్ (దశాంశ సంఖ్యలను కంప్యూటర్ దాచే రూపం) పక్కపక్క విలువల మధ్య తేడా సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, ఎక్కడైనా ఒకే చిన్న స్థిరాంకాన్ని కలిపితే చాలదు. నిరూపకాలను కెమెరాకు సాపేక్షంగా మార్చి, ఆరంభ బిందువును నార్మల్ (ఉపరితలానికి లంబమైన) దిశలో దూరాన్ని బట్టి పెరిగే మేర జరపాలి.