డయాలసిస్ మొదలైందని మంచం ఎక్కేయకండి

డయాలసిస్ మొదలైన కొత్తలో చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ నాకు ఒకటే మాట చెప్పారు, రెస్ట్ తీసుకో అని. తీసుకున్నా. ఆరు నెలలు తిరిగాక ఒకరోజు మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ చెడిపోతే, రెండో అంతస్తుకు ఎక్కలేక మధ్య మెట్ల మీద కూలబడ్డాను. అంతా కిడ్నీల వల్లే అనుకున్నా గానీ అందులో మంచం పాపం కూడా బాగానే ఉంది. వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు మెషిన్ మీద పడుకుంటాం, ఇంటికొచ్చి నీరసమని మళ్లీ పడుకుంటాం, సరిగ్గా తినం, తిన్న ప్రొటీన్‌లో కొంత డయాలసిస్‌లోనే పోతుంది, ఇక తొడల్లో కండ ఎలా నిలుస్తుంది?

వ్యాయామం మొదలుపెట్టే ముందు నెఫ్రాలజిస్ట్‌ని, అంటే కిడ్నీ డాక్టర్‌ని అడగాలి. ఊరికే "ఎక్సర్‌సైజ్ చేయొచ్చా సార్" అంటే "వాకింగ్ చేయండి" అని తేల్చేస్తారు, అందుకే విడివిడిగా అడగండి: నా గుండె ఎలా ఉంది, ఎకో (గుండె స్కాన్) ఎప్పుడు తీశారు, హిమోగ్లోబిన్ ఎంత, బీపీ ఎంత దాటితే మానేయాలి, ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేత్తో ఎంత బరువు ఎత్తొచ్చు. కాగితం మీద రాసుకుని వెళ్లండి, లోపలికి వెళ్లాక సగం మర్చిపోతాం.

ఇంట్లో మొదటి వ్యాయామానికి ఒక కుర్చీ చాలు. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, లేచి కూర్చోండి. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలిగారో క్యాలెండర్‌లో రాసుకోండి. చేతుల సాయం లేకుండా లేవలేకపోతే సాయంతోనే లేవండి, సిగ్గేం లేదు, నేను మొదటిరోజు నాలుగుసార్లకే ఆగిపోయా. పక్కన ఇంకో మనిషి ఉంటే మంచిది. రెండు వారాలకోసారి మళ్లీ లెక్కపెట్టండి. ఆ సంఖ్య పెరుగుతుంటే వచ్చే హుషారు వేరు.

నడక డయాలసిస్ లేని రోజుల్లో పెట్టుకోండి. 5 నిమిషాలతో మొదలుపెట్టి, ఒంటికి పడితే ఒకటి రెండు నిమిషాలు కలుపుకుంటూ నెలల మీద 30 నిమిషాలకు రావచ్చు. ఎంత వేగం అంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వాచీలో పల్స్ చూసి లెక్కలు వేయకండి, మనలో చాలామంది వాడే కొన్ని బీపీ మాత్రలు పల్స్‌ని పెరగనివ్వవు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండకి ఉదయం ఏడు దాటితే బయటికి వెళ్లొద్దు, అపార్ట్‌మెంట్ కారిడార్‌లోనే తిరగండి. ఎండలో తిరిగితే దాహం, దాహానికి నీళ్లు, నీళ్లకి బరువు, ఆ బరువుకి మెషిన్ మీద తిప్పలు.

ఇంకో సంగతి, కేబీఆర్ పార్క్ అయినా ఇందిరా పార్క్ అయినా, నడిచి బయటికి రాగానే కొబ్బరిబోండాం, పళ్లరసం కనిపిస్తాయి. తోడొచ్చినవాళ్లు ప్రేమగా "తాగన్నా, ఒంటికి మంచిది" అంటారు. వాటిలో పొటాషియం ఎక్కువ, మన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. మొహమాటపడకండి. షుగర్ ఉన్నవాళ్లు జేబులో గ్లూకోజ్ పొడి గానీ చక్కెర గానీ పెట్టుకోండి, నడకలో షుగర్ పడిపోతే జ్యూస్ బదులు అదే నోట్లో వేసుకోవాలి.

మెషిన్ మీద ఉన్నప్పుడు కూడా చేయొచ్చు, నాకైతే అదే సుఖం, ఎలాగూ ఖాళీగా ఉంటాం. కానీ మొదటి రెండు గంటల్లోనే చేయాలి. ఆ తర్వాత నీళ్లు బాగా తీసేసి ఉంటారు, బీపీ పడిపోయే సమయం అది. మంచం కాళ్ల దగ్గర పెట్టే చిన్న పెడల్ సైకిల్ కొన్ని సెంటర్లలో ఉంటుంది, మీ దగ్గర లేకపోతే పాదాలు పైకీ కిందికీ ఆడించడం, ఒక్కో కాలు ఎత్తి అయిదు లెక్కపెట్టి దించడం, మోకాళ్ల మధ్య మెత్తటి బంతి పెట్టి నొక్కడం సరిపోతుంది. ముందు టెక్నీషియన్‌కి చెప్పండి. సూదులున్న చేయి కదపకూడదు. గజ్జల్లో లైన్ (డయాలసిస్ గొట్టం) వేసినవాళ్లు కాళ్ల వ్యాయామం అసలు చేయకండి. మెడలో పర్మ్‌క్యాత్ (ఎక్కువకాలం ఉంచే డయాలసిస్ గొట్టం) ఉంటే దాన్ని లాగేలా చేతులు చాచొద్దు, ఈత ఊసెత్తొద్దు. సెషన్ అయ్యాక మాత్రం ఏమీ వద్దు, మెల్లగా లేచి ఇంటికి రండి.

ఫిస్టులా కొత్తగా వేయించుకున్నవాళ్లు సర్జన్ సరేనన్న రోజు నుంచి మెత్తటి బంతి పిసకండి, అక్కడి రక్తనాళం లావు కావడానికి పనికొస్తుంది. ఆ చేతికి బిగుతు బ్యాండ్లు వద్దు, బ్యాగు తగిలించుకోవద్దు. రోజూ పొద్దున్నే ఫిస్టులా మీద చెయ్యి పెట్టి థ్రిల్ (రక్తం పారే అదురు) చూసుకోండి, ఆ జుమ్మనడం ఆగిందనిపిస్తే నడక సంగతి పక్కన పెట్టి వెంటనే సెంటర్‌కి ఫోన్ చేయండి. పీడీ (పొట్టలో ద్రవం నింపి చేసే డయాలసిస్) చేసుకునేవాళ్లకి పొట్టను నొక్కే కసరత్తులు పనికిరావు, కాస్త గట్టిగా చేయాలనుకుంటే ముందు ద్రవం ఖాళీ చేయాలి.

సెషన్ తప్పినా, ఆయాసం వచ్చినా, కాళ్లు వాచినా, జ్వరం ఉన్నా ఆరోజు చేయొద్దు. రెండు రోజుల గ్యాప్ తర్వాత సెషన్‌కి వెళ్లే రోజు పొద్దున కూడా తేలిగ్గా పోనివ్వండి, అప్పటికి ఒంట్లో నీళ్లు, పొటాషియం బాగా పేరుకుని ఉంటాయి. చేస్తుండగా ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ వస్తే ఆపేయాలి, తగ్గుతుందేమోనని ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆసుపత్రిలో పడి లేచాక పాత లెక్క దగ్గర మొదలుపెట్టకండి. మొన్న జ్వరానికి పది రోజులు మంచం మీదున్నాను. 25 నిమిషాలు నడిచేవాణ్ణి, ఇప్పుడు మళ్లీ కారిడార్‌లో 5 నిమిషాలు, కుర్చీ దగ్గర ఆరుసార్లు.