మందు డ్రమ్ము నుంచి బోరులోకి: ఆ దారి మూసేదెలా

పత్తికో మిరపకో మందు కొట్టే రోజుల్లో డ్రమ్ము ఎక్కడ పెడతారు? నీళ్లు దగ్గరని బోరు పక్కనే. బోరు చెడిపోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. తాగే నీళ్లలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు లీటరుకు 1 మైక్రోగ్రాము మించొద్దని ఐఎస్ 10500 (మన దేశపు తాగునీటి ప్రమాణం) చెబుతోంది. ఆ లెక్కన ఒక్క గ్రాము 10 లక్షల లీటర్ల నీళ్లను ఆ హద్దుకు చేర్చేస్తుంది. 36 శాతం మందులో గ్రాము అంటే దాదాపు 3 మిల్లీలీటర్లు, డబ్బా మూతలో మిగిలేంత.

డ్రమ్మును బోరుకు కనీసం 30 మీటర్ల అవతల, పల్లం వైపు పెట్టండి. పైపు కొస మందు నీళ్లలో మునగనివ్వొద్దు. కరెంటు పోగానే పైపులో ఉన్న నీళ్లు వెనక్కి బోరులోకి జారతాయి, జారుతూ డ్రమ్ములోవి కూడా లాక్కుపోతాయి. మోటారులోనే నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లను వెనక్కి రానివ్వనిది) ఉంది కదా అంటారు. ఇసుకకు రబ్బరు అరిగితే అది ఉన్నా లేనట్టే. కొసను డ్రమ్ము అంచుకు జానెడు పైన కట్టేస్తే వాల్వును నమ్ముకునే పనే ఉండదు. నీళ్లు నింపి, మోటారు ఆపాకే మందు పోస్తే ఇంకా మంచిది.

డ్రిప్‌లో వెంచురితో (నీళ్ల వేగంతో ఎరువును పీల్చుకునే గొట్టం) ఎరువు ఎక్కించేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. మెయిన్ లైనులో వెంచురి కన్నా ముందు నాన్ రిటర్న్ వాల్వు బిగించాలి, బాణం గుర్తు చేను వైపు ఉండాలి. మోటారుకూ ఆ వాల్వుకూ మధ్య గాలి పీల్చే ఎయిర్ వాల్వు పెట్టాలి. ఏటా వానకాలం పంటకు ముందు విప్పి స్ప్రింగు, రబ్బరు చూసుకోండి.

ఇక బోరు మూతి. వరంగల్ చుట్టుపక్కల ఎక్కువగా గ్రానైటు. నీళ్లు రాతి పగుళ్లలో నడుస్తాయి, మట్టిలో వడకట్టుకునే అవకాశం తక్కువ. కేసింగ్ (బోరు పైభాగంలో దించే గొట్టం) చుట్టూ సందును మట్టితో కూరి వదిలేస్తే వరద దాని వెంటే దిగుతుంది. కొత్త బోరైతే ఆ సందులో సిమెంటు పాలు పోయించండి: 50 కిలోల బస్తాకు 25 లీటర్ల నీళ్లు. పలచనైతే ఆరాక కుంగి సందు మిగులుతుంది. పాత బోరైతే కేసింగ్ చుట్టూ మూడడుగుల లోతు తవ్వి కాంక్రీటు నింపి, పైన బయటికి వాలుగా గచ్చు చేయించండి. కేసింగ్ నేలకు అడుగున్నర పైన ఉండాలి, మూత బిగుతుగా పట్టాలి. చేదబావికి పై పదడుగుల ఒరల అతుకులు సిమెంటుతో మూయాలి. రీచార్జి పేరుతో చేలో పారిన వరదను నేరుగా బోరులోకి మళ్లించడం మాత్రం వద్దే వద్దు. ఎండిపోయిన బోరునూ తెరిచి ఉంచొద్దు, దానికీ నీళ్లున్న బోరుకూ రాతి పగులు ఒకటే కావచ్చు.

పెంటకుప్ప, యూరియా బస్తాలు, డీజిల్ డబ్బా కూడా ఆ 30 మీటర్ల అవతలే.

వానలు వెలిశాక నైట్రేట్ పరీక్ష చేయించండి. మోటారు పది నిమిషాలు నడిపి, సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి లీటరు పట్టండి. హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. దాటితే ఆ నీళ్లతో పసిపిల్లలకు డబ్బా పాలు కలపొద్దు. కాచినా నైట్రేట్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ సంగతి వేరు, అది రాతిలోంచి వచ్చేది, ఈ జాగ్రత్తలకు లొంగదు. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) పురుగుమందును పట్టదు, ల్యాబులో మందు పేరు చెప్పి అడగాలి.

మందు నేల మీద ఒలికితే నీళ్లతో కడగకుండా పొడి మట్టి చల్లి ఎత్తేయండి. బావిలోనే పడితే పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ నీళ్లు మనుషులకూ పశువులకూ బంద్. బ్లీచింగ్ పౌడరు క్రిములకు పనికొస్తుంది గానీ పురుగుమందుకు విరుగుడు కాదు. తోడిన నీళ్లను చెరువు కాలువలోకి వదలకండి.