మదర్‌బోర్డు మార్చాక రెయిడ్ కనిపించకపోతే: సమస్య - కారణం - పరిష్కారం

ఏటా కాలవైశాఖి గాలివానలు మొదలయ్యాయంటే, బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా పిడుగులకు మదర్‌బోర్డులు కాలిపోవడం మామూలే. స్టూడియోలో పెళ్లి వీడియోలు దాచుకున్న మిషను కానివ్వండి, ఒడియా, తెలుగు రెండు భాషల్లో పని చేసే ప్రెస్సులోని సర్వరు కానివ్వండి, కొత్త బోర్డు బిగించి ఆన్ చేయగానే రెయిడ్ (అనేక డిస్కులను కలిపి ఒకటిగా వాడే ఏర్పాటు) కనిపించకపోతే అందరూ ముందుగా అనే మాట "డిస్కులు పోయాయి" అని. మూడు నాలుగు డిస్కులు ఒకే రోజున కలిసి పోవడం చాలా అరుదు. చాలా సందర్భాలలో డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది, పోయినది ఆ డిస్కులు ఒక అర్రేకు, అంటే రెయిడ్‌గా కట్టిన డిస్కుల గుంపుకు, చెందినవని చెప్పే చిన్న సమాచారం మాత్రమే. ఇంటి నంబరు పలక ఊడిపోయినంత మాత్రాన ఇల్లు కూలిపోదు. కూలగొట్టేది, పలక కనబడలేదని కంగారుపడి "కొత్తగా క్రియేట్ చేద్దాం" అనుకునే మనిషే.

కాబట్టి ఈ వ్యాసమంతటికీ వర్తించే నియమం ఒక్కటే: కారణం తేలేంతవరకు డిస్కు మీద ఏదైనా రాసే ఆదేశం ఒక్కటి కూడా ఇవ్వకూడదు. విండోస్‌లో "డిస్కును ఇనిషియలైజ్ చేయాలా" అని అడిగే పెట్టెకు కూడా ఈ నియమం వర్తిస్తుంది. టెర్మినల్ వాడడం, కేబినెట్ విప్పడం వచ్చినవారి కోసమే ఇది రాస్తున్నాను కనుక ఆ ప్రాథమిక విషయాల జోలికి పోవడం లేదు.

లక్షణం: అర్రే ఆగిపోయింది, ఒకటి రెండు డిస్కులు కనిపించడం లేదు

ఎవరూ చేయని తనిఖీ ఇదే. ఆపరేటింగ్ సిస్టమ్ దాకా వెళ్లకముందే బయోస్ తెరలో డిస్కులను లెక్కపెట్టండి. కేబినెట్‌లో నాలుగుంటే అక్కడ కూడా నాలుగు కనిపించాలి, ఒక్కొక్కదాని సామర్థ్యం దాని మీది చీటీతో సరిపోవాలి. ఫోన్ చేసి సలహా అడిగేవారిలో ఈ లెక్క చూసి చెప్పేవారు అరుదు. అందరూ నేరుగా దోష సందేశం చదవడంతోనే మొదలుపెడతారు.

లెక్క తగ్గితే కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి. మొదటిది, కొత్త బోర్డులో ఎం.2 స్లాటులో ఎస్‌ఎస్‌డీ పెట్టడం. చాలా బోర్డులలో ఆ స్లాటు నిండితే ఒకటి రెండు సాటా పోర్టులు (డిస్కుల కేబుళ్లు తగిలించే చోట్లు) వాటంతట అవే మూతపడతాయి. ఏ పోర్టులు మూతపడతాయో బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది, కేబులును వేరే పోర్టుకు మారిస్తే డిస్కు తిరిగి వస్తుంది. రెండవది, పవర్ స్ప్లిటర్ వదులుగా ఉండడం. మూడవది, కేబినెట్ మూస్తున్నప్పుడు ఒంగిపోయిన సాటా కేబుల్. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ సమాచారంలో 199వ అంశమైన సీఆర్‌సీ దోషాల (కేబుల్ మీద డేటా వెళ్లేటప్పుడు దొర్లే తప్పుల) సంఖ్య పెరుగుతూ ఉంటే డిస్కును నిందించకుండా కేబులును మార్చండి.

లెక్క సరిపోతే ప్రతి డిస్కు సీరియల్ నంబరును కాగితం మీద రాసుకోండి. బోర్డు మారితే లైనక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు తారుమారవుతాయి కనుక నిన్నటి ఎస్‌డీబీ నేటి ఎస్‌డీబీ కాకపోవచ్చు. సీరియల్ నంబరు ఒక్కటే మారదు.

లక్షణం: అర్రే ఇనాక్టివ్ అని, ప్రతి డిస్కు పక్కన ఎస్ అక్షరం

లైనక్స్ రెయిడ్ స్థితిని చూపే ఎమ్‌డీస్టాట్ ఫైలులో ఇలా కనబడగానే డిస్కులన్నీ స్పేర్లుగా (వాడకంలో లేని అదనపు డిస్కులుగా) మారిపోయాయని భయపడతారు. అలాంటిదేమీ లేదు. బూట్ సమయంలో డిస్కులు ఒక్కొక్కటిగా వచ్చి చేరుతుండగా కావలసినన్ని రాకపోవడంతో కెర్నల్ ఆ అర్రేను సగంలో ఆపేసిందని దాని అర్థం. ఆ సగం అర్రేను స్టాప్ చేసి, లైనక్స్ రెయిడ్‌ను నడిపే ఎమ్‌డీఆడ్మ్ పరికరం ఎగ్జామిన్ ఆదేశంతో ప్రతి డిస్కు సూపర్‌బ్లాకును (అర్రే వివరాలుండే చిన్న భాగాన్ని) చదివి, ఈవెంట్స్ సంఖ్యలను (అర్రేలో మార్పుల లెక్కను) పోల్చండి. అన్నీ సమానంగా ఉంటే డిస్కులను తిరిగి కలిపే అసెంబుల్ ఆదేశం చాలు. కొద్ది తేడా ఉంటే ఫోర్స్ జోడించవచ్చు. ఒక డిస్కు సంఖ్య మిగిలినవాటికంటే బాగా వెనుకబడి ఉంటే అది ఎన్నాళ్ల క్రితమో అర్రే నుంచి జారిపోయిన డిస్కు. దాన్ని పక్కన పెట్టి మిగిలినవాటితోనే అసెంబుల్ చేయాలి. పాత డిస్కును బలవంతంగా కలిపితే పాత డేటా, కొత్త డేటా ఒకే ఫైలులో కలిసిపోతాయి.

లక్షణం: బోర్డు రెయిడ్‌లో కట్టిన అర్రే విడి డిస్కులుగా కనిపిస్తోంది

బయోస్‌లోని ఇంటెల్ రెయిడ్‌తో కట్టిన అర్రే అయితే, కొత్త బోర్డులో సాటా మోడ్ ఏహెచ్‌సీఐగా (డిస్కులను విడివిడిగా చూపే పద్ధతి) ఉందో రెయిడ్‌గా ఉందో చూడండి. కొత్త బోర్డులు సాధారణంగా ఏహెచ్‌సీఐతోనే వస్తాయి. సీమోస్ బ్యాటరీ అయిపోయిన పాత బోర్డు కూడా అదే స్థితికి తిరిగి వెళ్లవచ్చు. మోడ్ మార్చగానే అర్రే కనబడితే పని అయిపోయినట్లే. కొత్త బోర్డు వేరే కంపెనీ చిప్‌సెట్‌ది అయితే మోడ్ మార్చినా ఫలితం ఉండదు. అప్పుడు లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి. ఎమ్‌డీఆడ్మ్‌కు ఇంటెల్ రెయిడ్ గుర్తులను చదవడం వచ్చు కనుక అర్రేను రీడ్ ఓన్లీగా తెరిచి డేటాను మరో డిస్కుకు కాపీ చేసుకోవచ్చు.

లక్షణం: అన్ని డిస్కులూ ఉన్నాయి, సామర్థ్యం సరిగ్గా ఉంది, కానీ సూపర్‌బ్లాక్ లేదు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎగ్జామిన్ చేస్తే అర్రే వివరాలకు బదులుగా ఎంబీఆర్ మ్యాజిక్ ఏఏ55 అని, దాని కింద టైప్ ఈఈ అనే ఒకే ఒక పార్టిషన్ అని వస్తుంది. డిస్కు శబ్దం చేయదు, స్మార్ట్‌లో ఏ లోపమూ ఉండదు. పాత బోర్డుతో నిన్నటి వరకు పనిచేసిన అర్రే, కొత్త బోర్డు ఒక్కసారి ఆన్ అయ్యేసరికి మాయమవుతుంది. ఈ కారణం తెలియక పాడైన డేటా నేను చూసినవాటిలో మిగిలిన కారణాలన్నిటి వల్ల పాడైనదానికంటే ఎక్కువ.

జరిగేది ఇది. చాలామంది పార్టిషన్ చేయకుండా డిస్కు మొత్తాన్ని నేరుగా అర్రేకు ఇచ్చేస్తారు. ఆ డిస్కు అంతకుముందు ఎక్కడో వాడినదైతే దాని మీద జీపీటీ పార్టిషన్ పట్టిక (డిస్కు ఏయే భాగాలుగా విడిపోయిందో చెప్పే జాబితా) ఉండవచ్చు. జీపీటీ తన నకలును డిస్కు చివరి 33 సెక్టార్లలో దాచుకుంటుంది. ఎమ్‌డీఆడ్మ్ 1.2 రకం సూపర్‌బ్లాక్ డిస్కు మొదటి నుంచి 4 కేబీ దూరంలో, అంటే 8వ సెక్టారులో కూర్చుంటుంది. జీపీటీ అసలు పట్టిక ఉండేది 2 నుంచి 33 వరకు సెక్టార్లలో. కాబట్టి అర్రే కట్టిన రోజునే అసలు పట్టిక చెడిపోతుంది, కానీ సున్నా సెక్టారులోని రక్షణ గుర్తు (పైన చెప్పిన టైప్ ఈఈ), చివరనున్న నకలు చెక్కుచెదరకుండా మిగిలిపోతాయి. అర్రే కడుతున్నప్పుడు ఎమ్‌డీఆడ్మ్ "ఈ డిస్కు మీద పార్టిషన్ పట్టిక ఉంది" అని హెచ్చరిస్తుంది. అందరూ దానికి సరే అని కొట్టి ముందుకు సాగిపోతారు.

పాత బోర్డు ఆ పట్టికను ఎన్నడూ పట్టించుకోదు కనుక ఏళ్ల తరబడి ఏమీ కాదు. పాత బయోస్‌కు బదులు యూఈఎఫ్‌ఐతో వచ్చే కొత్త బోర్డులలో కొన్ని అలా ఊరుకోవు. మొదటి పట్టిక చెడిందని, చివరి నకలు బాగుందని గమనించి, మనల్ని అడగకుండానే ఆ నకలును ముందుకు తెచ్చి రాసేస్తాయి. వాటి లెక్కలో అది మరమ్మత్తు. ఆ మరమ్మత్తులో 8వ సెక్టారులోని సూపర్‌బ్లాక్ చెరిగిపోతుంది. అసలు డేటా మొదలయ్యేది ఎంతో దూరంలో, చాలా అర్రేలలో 128 ఎంబీ తరువాత, కనుక ఫైళ్లలో ఒక్క బైటు కూడా పోదు. విండోస్ ఇనిషియలైజ్ చేసినా నష్టం ఇదే తరహాలో ఉంటుంది, పరిష్కారమూ ఇదే.

ఈ దశలో రీస్టార్ట్ చేసి చూద్దాం అనుకోకండి, ఎందుకంటే ప్రతి బూట్‌లోనూ బోర్డు అదే పని మళ్లీ చేయగలదు. వీలైతే డిస్కులను విప్పి, మరమ్మత్తుల అలవాటు లేని పాత మిషనుకు తగిలించండి.

తరువాత అన్ని డిస్కులనూ ఎగ్జామిన్ చేయండి. ఒక్క డిస్కులోనైనా సూపర్‌బ్లాక్ మిగిలి ఉండే అవకాశం ఉంది. నాలుగు డిస్కులలో ఒకటి మధ్యలో పాడై, దాని స్థానంలో సీలు తీయని కొత్త డిస్కు వేసి ఉంటే, ఆ కొత్త దాని మీద పాత జీపీటీ నకలు ఉండదు కనుక బోర్డు దాన్ని ముట్టుకోదు. అలా మిగిలిన ఒక్క డిస్కే మీకు సాక్షి. అర్రే రకం, చంక్ (ఒక్కో డిస్కు మీద ఒకేసారి రాసే ముక్క) పరిమాణం, లేఅవుట్ (ముక్కలు పేర్చిన తీరు), డేటా ఆఫ్‌సెట్ (డేటా మొదలయ్యే చోటు), ఆ డిస్కు ఎన్నో స్థానంలో ఉండేదో అన్నీ అదే చెబుతుంది. ఒక డిస్కు లేకపోయినా నడిచే రెయిడ్ 5లో ఒక్క డిస్కు సూపర్‌బ్లాక్ మాత్రమే పోయి ఉంటే మరీ సులభం: మిగిలినవాటితో అసెంబుల్ చేసి, డేటాను బయటికి కాపీ చేసి, ఆ తరువాతే పోయినదాన్ని చేర్చి రీబిల్డ్ చేయండి (మిగిలిన డిస్కుల నుంచి లెక్కగట్టి దాన్ని తిరిగి నింపడం).

రెండు లేదా అంతకంటే ఎక్కువ పోతే సూపర్‌బ్లాకులను తిరిగి రాయాలి. దానికి వాడేది క్రియేట్ ఆదేశమే, అందరినీ ముంచే ఆదేశం కూడా అదే. ఉత్త క్రియేట్ ఇస్తే రెయిడ్ 5లో ఎమ్‌డీఆడ్మ్ చివరి డిస్కును స్పేర్‌గా భావించి వెంటనే రీబిల్డ్ మొదలుపెడుతుంది. స్థానాల వరుస తప్పుగా ఇచ్చి ఉంటే ఆ డిస్కు మీది డేటా నిమిషాల్లో చెరిగిపోవడం మొదలవుతుంది. కాబట్టి రీబిల్డ్ వద్దని చెప్పే అస్యూమ్ క్లీన్ తప్పనిసరిగా ఉండాలి. దానితో పాటు ఒక డిస్కు స్థానంలో మిస్సింగ్ అని ఇస్తే రీబిల్డ్‌కు ఆస్కారమే ఉండదు. అంతకుముందే డీగ్రేడెడ్‌గా (ఒక డిస్కు లేకుండా) నడుస్తున్న అర్రే అయితే మిస్సింగ్‌గా ఇవ్వవలసింది ఆ జారిపోయిన డిస్కునే.

ఇవన్నీ కూడా అసలు డిస్కుల మీద కాకుండా ఓవర్లే మీద చేయాలి. ప్రతి డిస్కును ముందు రీడ్ ఓన్లీ చేసి, మరో డిస్కులో ఒక ఖాళీ స్పార్స్ ఫైలు (రాసినంత మేరకే చోటు తీసుకునేది) తయారుచేసి, డివైస్ మ్యాపర్ స్నాప్‌షాట్‌తో రెండింటినీ జతచేస్తే, చదవడం అసలు డిస్కు నుంచి, రాయడం ఆ ఫైలులోకి జరుగుతుంది. ప్రయత్నం తప్పితే ఫైలు చెరిపి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఈ ఏర్పాటుకు అరగంట పడుతుందని విసుక్కునేవారు, వరుస తప్పాక భువనేశ్వర్‌కో విశాఖకో డిస్కులు పట్టుకుని తిరుగుతారు.

డేటా ఆఫ్‌సెట్‌ను మీరే స్పష్టంగా ఇవ్వాలి. ఎమ్‌డీఆడ్మ్ పాత వెర్షన్లు ఒక విలువను, కొత్తవి మరో విలువను వాటంతట అవే ఎంచుకుంటాయి. ఏళ్ల క్రితం కట్టిన అర్రేను నేటి లైవ్ పెన్‌డ్రైవ్‌తో క్రియేట్ చేస్తే ఫైల్ సిస్టమ్ అసలు కనబడకపోవడానికి ఇదే ముఖ్య కారణం. చంక్ పరిమాణం కూడా అంతే: ఇప్పుడు 512 కేబీ, బాగా పాత అర్రేలలో 64 కేబీ.

డిస్కుల వరుసకు మొదటి ఆధారం పాత ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కులోని కెర్నల్ లాగ్. ఏ డిస్కు ఎన్నో రెయిడ్ డిస్కుగా పనిచేసిందో ప్రతి బూట్‌లోనూ అక్కడ నమోదవుతుంది, అదే లాగ్‌లో డిస్కుల మోడల్ పేర్లూ దొరకవచ్చు. లాగ్ లేకపోతే వరుసలన్నీ ప్రయత్నించాలి. నాలుగు డిస్కులకు 24 వరుసలు, ఒకదాని స్థానం తెలిస్తే 6 మాత్రమే.

సరైన వరుస దొరికిందని ఎలా నమ్మాలనే దగ్గర చాలామంది తొందరపడతారు. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కు కూడా రెయిడ్‌ది కాని, తనదైన సూపర్‌బ్లాక్ ఉంటుంది, అందులో మొదటిది అర్రేలోని మొదటి చంక్‌లోనే ఉంటుంది కనుక, మొదటి డిస్కు ఒక్కటి సరైనదైతే చాలు, మిగిలిన వరుస తప్పైనా మౌంట్ కావచ్చు, ఫోల్డర్ల పేర్లు కూడా కొన్ని కనబడవచ్చు. అది చాలదు. ముందు ఫైల్ సిస్టమ్‌ను తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకేను ఏమీ రాయని పద్ధతిలో నడపండి, వేలకొద్దీ దోషాలు వస్తే వరుస తప్పు. తరువాత రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి పెద్ద ఫైళ్లు తెరవండి. నాలుగు డిస్కుల రెయిడ్ 5లో 512 కేబీ చంక్ ఉంటే డిస్కులన్నిటి మీదుగా ఒక చుట్టు (స్ట్రైప్) డేటా 1.5 ఎంబీ అవుతుంది కనుక, 20 ఎంబీ ఫోటో పై నుంచి కింది దాకా మరకలు లేకుండా తెరుచుకుంటే అన్ని డిస్కులూ తమ స్థానాల్లో ఉన్నట్లు. మధ్యలో బూడిద రంగు పట్టీలు వస్తే వరుస మార్చి చూడాలి.

డేటా మొత్తం బయటికి వచ్చాక పాత అర్రేను అలాగే కొనసాగించకండి. ప్రతి డిస్కు మీద సక్రమంగా జీపీటీ పట్టిక రాసి, లైనక్స్ రెయిడ్ రకం పార్టిషన్ ఒకటి చేసి, ఆ పార్టిషన్ల మీదే కొత్తగా అర్రే కట్టండి. అప్పుడు బోర్డు పట్టికను ఎన్నిసార్లు సరిచూసుకున్నా సూపర్‌బ్లాక్ దానికి అడ్డం రాదు.

అరుదైనవి

కొన్ని పాత బోర్డులు బయోస్ నకలును డిస్కు చివర దాచి, ఆ మేరకు డిస్కును చిన్నదిగా చూపిస్తాయి. 1 టీబీ డిస్కు 1953525168 సెక్టార్లకు బదులు 1953523055 చూపిస్తే ఇదే కారణం. లైనక్స్‌లోని హెచ్‌డీపార్మ్ ఆదేశంతో అసలు పరిమాణాన్ని తిరిగి ఇవ్వవచ్చు. సూపర్‌బ్లాక్ చివరన ఉండే 0.90, 1.0 రకాలకు, బోర్డు రెయిడ్‌లకు మాత్రమే దీనితో పెద్ద బెడద. యూఎస్‌బీ డాక్‌లో పెట్టిన డిస్కు చదవబడకపోతే డాక్ సెక్టారు పరిమాణాన్ని మార్చి చూపిస్తూ ఉండవచ్చు, నేరుగా సాటాకు తగిలించండి. డిస్కు టిక్కుటిక్కుమంటుంటే మిషను ఆపి ల్యాబ్‌కు పంపడం తప్ప ఇంట్లో చేయగలిగింది లేదు.

లక్షణం: అర్రే వచ్చింది, కానీ ఎమ్‌డీ127 అనే పేరుతో

ఆపరేటింగ్ సిస్టమ్ కూడా కొత్తగా వేసినప్పుడు ఇది మామూలే. కొత్త సిస్టమ్ కాన్ఫిగరేషన్ ఫైలులో ఆ అర్రే నమోదు కాలేదు, హోస్ట్ పేరు కూడా మారింది, అంతకు మించి ఏమీ లేదు. డిటైల్ స్కాన్ ఇచ్చే వరుసను ఎమ్‌డీఆడ్మ్ కాన్ఫిగరేషన్ ఫైలులో చేర్చి, బూట్ తొలిదశలో వాడే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను అప్‌డేట్ చేయండి. మౌంట్ చేయవలసినవాటి జాబితా అయిన ఎఫ్‌స్టాబ్‌లో అర్రే పేరుకు బదులు ఫైల్ సిస్టమ్ యూయూఐడీ (దాని గుర్తింపు సంఖ్య) రాస్తే, బోర్డు మళ్లీ మారినా మౌంట్ ఆగదు.