షార్ప్ ఆబ్జెక్ట్స్ నిద్రపోకుండా చూడాలంటే

రచయిత్రి గిలియన్ ఫ్లిన్ 2006లో రాసిన హత్యల మిస్టరీ నవల షార్ప్ ఆబ్జెక్ట్స్‌ని 2018లో అమెరికన్ టీవీ ఛానెల్ హెచ్‌బీఓ వాళ్లు 8 ఎపిసోడ్ల సిరీస్‌గా తీశారు. రెండు చూసి "ఏం జరగట్లేదు రా బాబూ" అని ఆపేసినవాళ్లు బోలెడు. ముందు ఫోన్ పక్క గదిలో పడేయండి, స్పీడ్ పెంచడం అస్సలొద్దు, ఎందుకంటే కథానాయిక, రిపోర్టర్ కమిల్ గతం అంతా రెప్పపాటులో వచ్చి పోయే ముక్కల్లోనే ఉంటుంది, పైగా గోడల మీద, బోర్డుల మీద, కార్ల మీద ఒక్కో మాట దాచిపెట్టారు, అవి వెతకడం మొదలెడితే హంతకుడి సంగతే మర్చిపోతాం. రోజుకి ఒక్కటే చాలు. నవల చదివినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోకండి, మా తమ్ముడు మూడో ఎపిసోడ్‌కే ముసిముసిగా నవ్వడం మొదలెట్టాడు, వెధవ. చివరి ఎపిసోడ్‌లో పేర్లు పడుతున్నాయని టీవీ కట్టేయకండి, అసలు సంగతి ఆ మధ్యలోనే చూపిస్తారు.