నెలల తరబడి నిలిచిన బండిలో పాత పెట్రోల్ ఉంటే ఏం చేయాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు మన తెలుగు ఇళ్లలో ఏడాదిలో సగానికి పైగా కదలని బండి ఒకటి వసారాలో కనిపించడం మామూలే. ఇంటి కుర్రవాడు పనికోసం సూరత్‌కో హైదరాబాద్‌కో వెళ్లి, దసరాకో సంక్రాంతికో తిరిగి వస్తాడు, వచ్చిన పూటే పట్టా తీసి కిక్ కొడతాడు. ఆ మొదటి కిక్‌కు ముందే ట్యాంకు మూత తీసి చూడాలని నేను అడిగినవారికీ అడగనివారికీ చెబుతూ వస్తున్నాను. ఎందుకంటే ట్యాంకులో చెడిన పెట్రోల్ ట్యాంకులో ఉన్నంతసేపు పెద్ద నష్టం చేయదు, ఇంజన్‌లోకి వెళ్లాకే ఖర్చు మొదలవుతుంది.

పెట్రోల్ రెండు విధాలుగా పాడవుతుంది. అందులో తేలికగా ఆవిరయ్యే భాగం మెల్లగా ఎగిరిపోవడంతో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అంటుకునే శక్తి తగ్గుతుంది. మిగిలినది గాలి తగిలి జిగురుగా మారుతుంది. ఇది మొదటి విధం. రెండోది నీరు చేరడం, మన తడి వాతావరణంలో అదే మరింత ముఖ్యమైనది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా దాదాపు అన్ని బంకులకూ చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పట్టుకుంటుంది. ఆ నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. ఇంజన్‌కు పెట్రోల్ అందేది అడుగు నుంచే కాబట్టి, ముందుగా లోపలికి వెళ్లేది ఆ నీళ్ల పొరే.

అందుచేత ముందు పరీక్ష చేయండి. మూతగల చిన్న గాజు సీసాలోకి ట్యాంకు అడుగునుంచి కొంచెం పెట్రోల్ తీసి, నీడలో, పొయ్యికీ దీపానికీ దూరంగా ఒక రాత్రి కదపకుండా ఉంచండి. తెల్లవారాక వెలుతురుకు పట్టి చూస్తే, మంచి పెట్రోల్ పైనుంచి కిందిదాకా ఒకే రంగులో తేటగా ఉంటుంది. చెడినదైతే తేనె రంగుకు తిరిగి, పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టు వాసన వేస్తుంది. అడుగున మసకగా వేరే పొర కనిపిస్తే ఇక తర్జనభర్జన అక్కరలేదు, ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నాటి గజపతి జిల్లా వరదలవంటి వాటిలో మునిగిన బండికైతే ఈ పరీక్ష కూడా వద్దు, నేరుగా ఖాళీ చేయించండి. రెండు మూడు నెలలకు మించకుండా, నీడలో నిలిచి, రంగూ వాసనా మారని పెట్రోల్ అయితే, దానికి మూడు నాలుగింతలు కొత్తది పోసి నడుపుకోవచ్చు.

పెట్రోల్ తీసే పద్ధతి గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గొట్టం నోట పెట్టి పీల్చకండి. మా తమ్ముడు ఇలాగే పీల్చబోయి గుక్కెడు పెట్రోల్ లోపలికి పోగా, దగ్గుతో మొదలై ఊపిరితిత్తుల వాపుదాకా వెళ్లి మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పంపుల దుకాణాల్లో దొరికే, చేత్తో నొక్కే చిన్న గొట్టం పంపుతోనే తోడండి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువైనది, నేలమీదే పరుచుకుని దూరంలో ఉన్న నిప్పును కూడా చేరగలదు, కనుక ఆరుబయట, పిల్లలను దూరంగా ఉంచి పని చేయండి. పట్టేందుకు లోహపు క్యాన్ గానీ పెట్రోల్‌కోసం చేసిన దళసరి ప్లాస్టిక్ క్యాన్ గానీ వాడాలి, నీళ్ల సీసా పనికిరాదు.

కార్బ్యురేటర్ అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం. అది ఉండే పాత బండ్లలో పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది చిన్న కుళాయి) మూసి, గొట్టం ఊడదీసి, క్యాన్‌లోకి పెట్టి కాక్ తిప్పితే సరిపోతుంది. కార్బ్యురేటర్ కింద పెట్రోల్ నిలిచే చిన్న గిన్నెకు, అంటే బౌల్‌కు ఉండే చిన్న డ్రెయిన్ స్క్రూ కూడా విప్పండి. చాలాకాలం నిలిచిన బండిలో అక్కడ గోధుమరంగు జిగురు కనిపిస్తే జెట్‌లు (పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రాలు) మూసుకుపోయి ఉంటాయి, మెకానిక్ చేత కార్బ్యురేటర్ విప్పించి శుభ్రం చేయించాలి. 2020 ఏప్రిల్ తరువాత బీఎస్-6 కాలుష్య నిబంధనలతో వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ (కార్బ్యురేటర్‌కు బదులు పెట్రోల్‌ను ఒత్తిడితో చిమ్మే ఏర్పాటు) ఉంది. వాటి గొట్టంలో పెట్రోల్ ఒత్తిడితో నిలిచి ఉంటుంది కనుక, అలవాటు లేనివారు దాన్ని ఊడదీయవద్దు. మూత నుంచి తోడి, మిగిలింది మెకానిక్‌కు వదిలేయడమే నా సలహా.

తీసిన పెట్రోల్‌ను కాలువలో పోస్తే అది వంశధారకో మహేంద్రతనయకో చేరుతుంది, నేలలో పోస్తే బావిలోకి దిగుతుంది. పొయ్యిలో చెత్త అంటించడానికి వాడటం ప్రాణాంతకం. నీటి పొర లేనిది, వాసన మారనిది వడకట్టి, కార్బ్యురేటర్ బండిలో కొత్త పెట్రోల్‌తో ఒకటికి అయిదుపాళ్లుగా కలిపి వాడవచ్చు. చెడినది మూత బిగించి, ఆ వ్యర్థం తీసుకోవడానికి ఒడిశా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారికి అందజేసే పెద్ద సర్వీస్ కేంద్రానికి ఇవ్వండి. దాన్ని బస్సులోనూ రైల్లోనూ తీసుకెళ్లకూడదు.

ఖాళీ అయ్యాక కొంచెం కొత్త పెట్రోల్ పోసి, ట్యాంకు కడిగినట్టు తిప్పి, అదీ తీసేసి, ఆపై రెండు మూడు లీటర్లు పోయండి. ఇంజెక్షన్ బండికి తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయడం రెండు మూడు సార్లు చేసి, అప్పుడు సెల్ఫ్ నొక్కండి. మొదట కొంత పొగ, తడబాటు ఉంటాయి. పది నిమిషాలకూ సర్దుకోకపోతే ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ చూపించండి.

మళ్లీ ఊరు విడిచే వారు రెండు మూడు నెలల లోపు తిరిగి వచ్చేటట్లయితే, ట్యాంకు నిండా కొత్త పెట్రోల్ నింపి వెళ్లడం మేలు, ఖాళీ చోటు తక్కువైతే తేమా తుప్పూ తగ్గుతాయి. కార్బ్యురేటర్ బండి అయితే కాక్ మూసి, ఇంజన్ తానుగా ఆగేదాకా నడపండి. అంతకు మించి వెళ్తుంటే తాళం ఇంట్లో ఇచ్చి, నెలకు రెండుసార్లు ఊరి చివరిదాకా నడిపి రమ్మని చెప్పి, తగ్గిన పెట్రోల్ పోయించుకోవడానికి డబ్బు కూడా ఇచ్చి వెళ్లండి.