కారుకు జాకీ వేసేముందు, వేశాక

కారు జాకీ మీద నుంచి జారిందంటే తప్పు చాలాసార్లు జాకీది కాదు. కారు లేవకముందు చేయాల్సిన పని లేచాక మొదలుపెట్టి ఉంటారు. డిక్కీలోంచి స్టెప్నీ లాగడం, బిగుసుకున్న నట్లతో కుస్తీ, లోపలున్నవాళ్లను దించడం అన్నీ నాలుగు టైర్లూ నేల మీద ఉండగానే అయిపోవాలి.

ముందు చోటు చూసుకోండి. హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వాలు రోడ్లు, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు దీనికి పనికిరావు. మే నెల మధ్యాహ్నం తారు మెత్తబడి జాకీ అడుగు దిగబడుతుంది. వాన పడ్డాక రోడ్డు పక్క మట్టి సంగతి చెప్పక్కర్లేదు. అడుగు పొడవు, అడుగు వెడల్పున్న 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క ఒకటి డిక్కీలో పడేసుకుంటే ఈ రెండు చోట్లా ఆదుకుంటుంది. ఇటుక మాత్రం పెట్టొద్దు, బరువు పడితే చెప్పకుండా పగులుతుంది.

ఫ్లైఓవర్ మీదో, ఔటర్ రింగ్ రోడ్డు మీదో టైరు పోతే హజార్డ్ లైట్లు వేసి, ఎడమవైపుగా నెమ్మదిగా నడుపుకుంటూ దిగే దారి దాకా వెళ్లండి. రిమ్ము దెబ్బతింటే కొనుక్కోవచ్చు. కుడివైపు టైరు పోయినప్పుడు మీ వీపు వచ్చే బళ్లకు ఎదురుగా ఉంటుంది కాబట్టి, అలాంటి చోట జాకీ బయటకే తీయొద్దు. విజయవాడ, బెంగళూరు హైవేల మీదైతే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయొచ్చు.

ఇక కారు దొర్లకుండా ఆపడం. ఇక్కడో మెలిక ఉంది. మన చిన్న కార్లలో చాలావాటికి ఇంజిన్ బలం ముందు చక్రాలకే వెళుతుంది. వాటిలో ఒకటి గాల్లోకి లేస్తే బండి గేరులో ఉన్నా, ఆటోమేటిక్‌లో ‘పీ’లో ఉన్నా ఆగుతుందన్న నమ్మకం లేదు. రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే గేర్ల అమరిక, అంటే డిఫరెన్షియల్, పుణ్యమా అని గాల్లోని చక్రం ఎదురు తిరుగుతూ నేల మీది చక్రాన్ని దొర్లనిస్తుంది. అప్పుడు పట్టి ఉంచేది వెనక చక్రాల హ్యాండ్ బ్రేకే. వెనక చక్రం లేపితే ఆ బ్రేకు సగం గాల్లోకి పోయినట్టు, అప్పుడు గేరు అక్కరకొస్తుంది. కాబట్టి ఏ చక్రమైనా ఇంజిన్ ఆపి, గేరు, హ్యాండ్ బ్రేకు రెండూ వేయండి. లేపే చక్రానికి ఐమూలగా ఉన్న టైరుకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టండి.

నట్లు ఇప్పుడే, ఒక్కోటి అర చుట్టు వదులు చేయాలి. గాల్లో ఉన్న కారు మీద పానా లాగితే ఆ లాగుడంతా జాకీ మీద పడుతుంది. పానా పిడి ఎడమవైపుకు, నేలకు సమాంతరంగా వచ్చేలా తగిలించి, కాలితో మెల్లగా బరువు వేయండి. ఎగిరి తొక్కితే నట్టు మూలలు అరుగుతాయి. పంక్చర్ షాపులో ఎయిర్ గన్‌తో బిగించి ఉంటే కారుతో వచ్చిన పొట్టి పానాకు లొంగకపోవచ్చు, రెండడుగుల ఇనుప పైపు పిడికి తొడిగితే కదులుతాయి. ఆ పైపు విప్పడానికే.

జాకీ ఎక్కడ పెట్టాలో కారే చెబుతుంది. తలుపుల కింది అంచున, ముందు చక్రానికి వెనకా, వెనక చక్రానికి ముందూ, రెండేసి గాట్లు ఉంటాయి. వాటి మధ్య రేకు గట్టిగా ఉంటుంది. జాకీ తల మీది గాడిలో ఆ అంచు కూర్చోవాలి. ప్లాస్టిక్ స్కర్ట్, ఆయిల్ సంప్, ఫ్లోర్ రేకు కింద పెడితే నొక్కుకుపోతాయి. ఎలక్ట్రిక్ కారైతే అడుగంతా బ్యాటరీ, మాన్యువల్‌లో చూపిన చోట తప్ప ఎక్కడా తగలనివ్వొద్దు.

ఒక అంగుళం లేచాక ఆగి, జాకీని రెండు వైపుల నుంచీ చూడండి. ఒరిగి ఉంటే కాలితో తన్ని సరిచేయకండి. దించి మళ్లీ పెట్టండి. టైరు నేలను వదిలాక ఇంకో రెండు అంగుళాలు లేపాలి, ఎందుకంటే గాలి నిండిన స్టెప్నీ పోయిన టైరు కంటే ఎత్తుగా ఉంటుంది. స్టెప్నీని జాకీ పక్కనే కారు అంచు కింద పడుకోబెట్టి పని మొదలుపెట్టండి. టైరు విప్పాక దాన్ని అక్కడ పెట్టి, స్టెప్నీ తీయండి. జాకీ జారినా కారు నేలదాకా రాదు, మీ చేయి నలగదు.

నట్టు సన్నబడే కోసు వైపు లోపలికి ఉండాలి. మొదట అన్నీ చేత్తో తిప్పి, తర్వాత పానాతో ఎదురెదురుగా కాస్త బిగించి, కారు దించాకే పూర్తి బిగింపు. మరలకు నూనె పూయొద్దు, లెక్కకు మించి బిగుసుకుంటాయి. చిన్న కార్లకు ఈ బిగింపు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు అంకె మాన్యువల్‌లో చూడండి. 30 సెం.మీ. పిడి చివర 30 కిలోల బలం వేస్తే దాదాపు 88 వస్తుంది. 75 కిలోల మనిషి పానా మీద నిలబడితే 220 దాటుతుంది. నట్లు ఎక్కే బోల్టులు, అంటే స్టడ్లు, సాగి తెగేది అలాగే.

కారు కింద దూరే పని ఉంటే మాత్రం ఇదంతా చాలదు. కారుతో వచ్చిన జాకీ టైరు మార్చేంతసేపటికే. హైడ్రాలిక్ జాకీకి కూడా సీలు కారితే చాలు, కారు కిందికి దిగిపోతుంది. రెండు జాక్ స్టాండ్లు కొని కారును వాటి మీదికి దించి, ఒకసారి కుదిపి చూశాకే తల లోపల పెట్టాలి. సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో అడిగేటప్పుడు టన్నుల లెక్కతో పాటు జాకీ కనిష్ఠ ఎత్తు కూడా అడగండి. బాటిల్ జాకీలు చాలావరకు 18, 20 సెం.మీ. ఎత్తుంటాయి, టైరు చదునైన చిన్న కారు కింద పట్టవు.

మార్చిన టైరుతో 50 నుంచి 100 కి.మీ. తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి బిగించి చూడండి. స్టెప్నీ సన్న టైరైతే దాని మీద రాసి ఉన్న వేగం దాటొద్దు, చాలావాటికి అది గంటకు 80 కి.మీ. జాకీ మరకు కాస్త గ్రీజు రాసి, డిక్కీలో దాని గూట్లో కదలకుండా బిగించేయండి. పంక్చర్ వేయించేటప్పుడే స్టెప్నీ గాలి కూడా చూపించండి.