వైజాగ్‌కి పోస్టింగ్ వచ్చిందా? పిల్లల బడి సంగతి ముందు చూసుకోండి

ఈస్టర్న్ నేవల్ కమాండ్‌కి పోస్టింగ్ మీద వచ్చేవాళ్లు ముందు అడిగేది క్వార్టర్ ఎప్పుడు దొరుకుతుందని. నన్నడిగితే బడి సంగతి ముందు తేల్చుకోమంటాను. క్వార్టర్ నాలుగు నెలలు ఆలస్యమైతే గాజువాకలోనో మర్రిపాలెంలోనో అద్దెకుండొచ్చు గానీ, ఏడో తరగతి పిల్ల నాలుగు నెలలు ఇంట్లో కూర్చుంటే పోయిన పాఠాలు ఎవరు చెబుతారు? పైగా నేవీలో ఉన్న భర్త ఓడతో సెయిలింగ్‌కి వెళ్లిపోతే ఈ తిరుగుడంతా తల్లి ఒక్కదాని మీదే పడుతుంది.

మీ పిల్లలు ఇప్పటికే కేంద్రీయ విద్యాలయంలో (కేవీలో) చదువుతుంటే టెన్షన్ సగం తగ్గినట్టే. బదిలీ మీద కేవీ నుంచి కేవీకి టీసీ తెచ్చుకున్నవాళ్లకి అడ్మిషన్ దానంతటదే ఇవ్వాలన్నది వాళ్ల నియమం, లాటరీతో పని లేదు. ఇంకో వెసులుబాటు కూడా ఉంది, మన ఉత్తరాంధ్ర ఆర్మీ కుటుంబాల్లో చాలామందికి ఇది తెలియదు. మీ ఆయనకి కశ్మీర్‌లోనో ఈశాన్య రాష్ట్రాల్లోనో లేదా కుటుంబాన్ని తీసుకెళ్లలేని మరో చోటో పోస్టింగ్ పడి, మీరు పిల్లలతో ఇక్కడ అమ్మమ్మ వాళ్లింటి దగ్గర ఉండాలనుకుంటే, ఆయన ఇక్కడ పనిచేయకపోయినా పిల్లల పాత కేవీ ఇచ్చిన టీసీ మీద ఇక్కడి కేవీలో చేర్చుకోవచ్చు. నేవీ ఏరియాల వైపు చూసుకుంటే నౌసేనాబాగ్, మల్కాపురం, భీమిలి దారిలో ఐఎన్ఎస్ కళింగ దగ్గర కేవీలున్నాయి, ఊళ్లో ఇంకా ఉన్నాయి. ఇల్లు ఎటువైపు దొరుకుతుందో చూసుకుని ఎంచుకోండి, ఎందుకంటే సింధియా నుంచి భీమిలి వైపు రోజూ పిల్లాణ్ణి పంపడం ఎవరివల్లా కాదు, మధ్యలో ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్ ఒకటి.

కొత్తగా కేవీలో చేర్చాలంటే లెక్క వేరు. ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలి, రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోనే. రెండో తరగతి నుంచి ఖాళీ ఉంటేనే, దరఖాస్తు బడికి వెళ్లి ఇవ్వాలి. సర్వీసులో ఉన్నవాళ్ల పిల్లలు, మాజీ సైనికుల పిల్లలు మొదటి ప్రాధాన్యంలోకి వస్తారు, అందులోనూ గత ఏడేళ్లలో ఎక్కువ బదిలీలైనవాళ్లు ముందు. అయితే కనీసం ఆరు నెలలు ఉన్న చోటు, 20 కిలోమీటర్లకు తగ్గని దూరం అయితేనే అది బదిలీ కింద లెక్క. ఈ బదిలీలన్నీ తేదీలతో రాసిన సర్టిఫికెట్ పాత యూనిట్ వదిలేలోపే తీసుకోండి, ఇక్కడికొచ్చాక అక్కడి రైటర్‌కి, అంటే ఆఫీసు గుమస్తాకి, ఫోన్లు చేస్తూ కూర్చోవడం నరకం.

నేవీ చిల్డ్రన్ స్కూల్ సంగతి మీ యూనిట్‌లోనే చెబుతారు కాబట్టి ఎక్కువ రాయను. నేవీ ఎడ్యుకేషన్ సొసైటీ నడిపే సీబీఎస్ఈ బడి అది, ఫీజు కట్టాలి.

ఈ రెండింట్లో సీటు రాలేదని పిల్లల్ని ఇంట్లో ఉంచుకుని ఎదురుచూసేవాళ్లకి నేను గట్టిగా చెప్పేదొకటే, మీ వీధి చివర ప్రభుత్వ బడి ఉంది, జీవీఎంసీ, అంటే నగర కార్పొరేషన్, బడి ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని ఎనిమిదో తరగతి దాకా అక్కడ కాదనడానికి లేదు. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి, పుట్టిన తేదీ కాగితం లేదని వెనక్కి పంపకూడదు, పాత బడి నుంచి టీసీ రావడం ఆలస్యమైందని ఆపకూడదు, ఎంట్రన్స్ టెస్ట్ పెట్టకూడదు. ఎవరైనా టీసీ లేకుండా కుదరదంటే గొడవ పడకండి, చట్టంలో ఐదో సెక్షన్ ఉందని మర్యాదగా చెప్పండి. బడి మారే హక్కు ఇచ్చే ఈ సెక్షన్ కేవీలకి, సైనిక్ స్కూళ్లకి మాత్రం వర్తించదు.

తెలుగు చదవడం రాదన్న భయం చాలామందికి ఉంటుంది, ముంబైలోనో కొచ్చిలోనో పెరిగిన పిల్లలు మాట్లాడతారు గానీ అక్షరాలు రావు. మన రాష్ట్ర పాఠ్యపుస్తకం ఒకసారి తెరిచి చూడండి: ఒక పేజీలో పాఠం ఇంగ్లీషులో ఉంటే ఎదురు పేజీలో అదే పాఠం, అవే బొమ్మలు తెలుగులో ఉంటాయి. సైన్స్ పాఠం ఇంగ్లీషు వైపు చదివి, రోజుకి నాలుగు వాక్యాలు పక్క పేజీలో వేలు పెట్టి చదివించండి, ట్యూషన్ కన్నా ఇదే నయం. పుస్తకాలు ఉచితం, మధ్యాహ్నం భోజనం బడిలోనే. ఫీజు లేకపోయినా మీకు వచ్చే చిల్డ్రన్ ఎడ్యుకేషన్ అలవెన్స్ తగ్గదు. ఎంత ఖర్చయిందన్నదానితో సంబంధం లేకుండా అది నిర్ణీత మొత్తం, 2024 జనవరి నుంచి నెలకి 2,812.50 రూపాయలు, పిల్ల ఆ బడిలో చదువుతోందని హెడ్మాస్టర్ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ ఉంటే చాలు.

కాగితాల్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేది పేరు. ఉత్తరాదిలో ఇంటిపేరు చివర్న రాసేస్తారు, ఆధార్‌లో ముందుంటుంది, బర్త్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. టీసీ చేతికివ్వగానే అక్కడే నిలబడి ఆధార్ పక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి, టీసీ మీద పెన్ నంబరు (విద్యార్థికి ఇచ్చే శాశ్వత నంబరు) ఉందో లేదో కూడా. దేశంలోని బడుల, పిల్లల వివరాలుండే యూడైస్ పోర్టల్‌లో పాత బడి మీ పిల్ల పేరుని డ్రాప్‌బాక్స్‌లోకి (బడి వదిలిన పిల్లల జాబితాలోకి) పంపితేనే ఇక్కడి బడి తన జాబితాలోకి తీసుకోగలదు, ఊరు వదిలే ముందే ఆ పని చేయించండి.

తొమ్మిదో తరగతికొచ్చిన పిల్లలున్నవాళ్లు మాత్రం కొంచెం కూర్చుని ఆలోచించాలి. సీబీఎస్ఈలో 9, 10 కలిపి ఒక కోర్సు, 11, 12 కలిపి ఒకటి, అందుకే 10లోనో 12లోనో నేరుగా చేరాలంటే తల్లిదండ్రుల బదిలీ లాంటి కారణం చూపించి బోర్డు అనుమతి తీసుకోవాలి, పోస్టింగ్ ఆర్డర్ కాపీలు దగ్గరుంచుకోండి. ఇక్కడే ఇంజినీరింగ్ చదివించాలనుకుంటే లోకల్ అభ్యర్థి లెక్క ఉంది, మామూలుగా ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడి బడుల్లోనే చదివి ఉండాలి. అంటే తొమ్మిదో తరగతిలో ఎక్కడ చేరుస్తారన్నది చిన్న విషయం కాదు. ఆ ఏళ్లు కుదరకపోయినా కంగారుపడొద్దు, తల్లిదండ్రులు రాష్ట్రంలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే లోకల్‌వాళ్లకి కేటాయించని అన్‌రిజర్వుడ్ సీట్లకి పోటీ పడొచ్చు, పైగా ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో సైనికుల పిల్లలకి క్యాప్ అనే కోటా వేరే ఉంది. మాటిమాటికీ బడి మారడమే వద్దనుకునేవాళ్లకి విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్ ఉంది, 1962 నుంచీ నడుస్తోంది. ఆరో తరగతికీ తొమ్మిదో తరగతికీ ఎంట్రన్స్ రాయాలి, ఇప్పుడు ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు, డిఫెన్స్ కుటుంబాలకి విడిగా సీట్లున్నాయి. హాస్టల్లో ఉండి చదవాలి కాబట్టి పిల్లల్ని అడిగాకే దరఖాస్తు పెట్టండి.